రొయ్య సీడ్ వదిలినట్టు రీఫ్ ట్యాంకులో వదిలితే ఎందుకు కుదరదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర మండలాల్లో ఉప్పునీటి జీవాన్ని ఒక నీటిలోంచి ఇంకో నీటిలోకి మార్చడం ఎవరికీ కొత్త కాదు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, ఇటు కొత్తపట్నం, సింగరాయకొండ, ఎటు వెళ్ళినా రొయ్యల గుంటలు కనిపిస్తాయి. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ నుంచి సీడ్ (అంటే ఆ పిల్లలే) వచ్చిందంటే కవర్లను గుంటలో తేలేసి, అరగంట ఆగి, కవరు విప్పి గుంట నీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతూ, పిల్లలు వాటంతట అవే బయటికి ఈదేదాకా చూసి వదులుతారు. కాబట్టి ఇంట్లో సముద్రపు ట్యాంకు, అందులోనూ పగడాలతో రీఫ్ ట్యాంకు పెట్టాలనుకునే ఇక్కడివాళ్ళకు సగం పని ముందే తెలిసినట్టు. ఇబ్బందంతా మిగతా సగంతోనే. గుంట దగ్గర పనికొచ్చిన కొన్ని అలవాట్లు గాజు ట్యాంకు దగ్గర ప్రాణం తీస్తాయి. ఎందుకు తీస్తాయో ఒకసారి అర్థమైతే డబ్బు సంగతి అటుంచి, బోలెడు జీవాలు బతుకుతాయి.

ముందు కవరు సంగతి. ఇక్కడికి సముద్రపు చేపలు చెన్నై కొళత్తూరు వైపు నుంచి రావచ్చు, లేదా కొరియర్‌లో ఇంకా దూరం నుంచి రావచ్చు. చెన్నై నుంచి నెల్లూరు 175 కిలోమీటర్లు, ఒంగోలు 300కి దగ్గర. కారులో తెచ్చుకుంటే కొన్ని గంటలే, కొరియర్ అయితే ఒక రాత్రి, ఒక్కోసారి ఒక పగలు కూడా కలుస్తుంది. ఈ తేడానే అసలు కీలకం.

పీహెచ్ అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత, అది తగ్గితే నీళ్ళు ఆమ్లం వైపు పోతున్నట్టు. సముద్రపు నీటి పీహెచ్ మామూలుగా 8.2 చుట్టూ ఉంటుంది. కవరు కట్టేసిన క్షణం నుంచీ చేప వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి బయటికి పోయే దారి లేదు, అది నీళ్ళలోనే కరిగి పీహెచ్‌ని కిందికి లాగుతుంది. రాత్రంతా ప్రయాణం చేసిన కవరులో పీహెచ్ 6.8 దాకా పడిపోవడం మామూలే. మరోపక్క మొప్పల్లోంచి అమ్మోనియా కూడా వస్తూనే ఉంటుంది. మొత్తం అమ్మోనియా 4 పీపీఎం (పది లక్షల్లో నాలుగు భాగాలు) చేరిందనుకుందాం. వినడానికి భయంగా ఉంటుంది కానీ పీహెచ్ 6.8 దగ్గర అందులో నిజంగా విషంగా పనిచేసే భాగం సుమారు 0.01 పీపీఎం మాత్రమే, మిగతాదంతా అమ్మోనియం రూపంలో ఉండి మొప్పల్లోకి అంత తేలిగ్గా దూరదు. అంటే పీహెచ్ పడిపోవడమే దారిలో చేపను కాపాడుతోంది. ఇప్పుడు కవరు విప్పారు. కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, పైగా 8.2 పీహెచ్ ఉన్న ట్యాంకు నీళ్ళు చుక్క చుక్కగా కలుపుతున్నారు, అంతకుమించి ఏరేటర్ రాయి కూడా వేశారు. పీహెచ్ పైకి లేస్తుంది. అదే అమ్మోనియాలో విష భాగం ఇరవై రెట్లకు పైగా పెరిగి 0.25 పీపీఎం దాటుతుంది. కలిపిన నీళ్ళ వల్ల మొత్తం అమ్మోనియా సగానికి పలచబడినా కూడా లెక్క అంతకుముందు కంటే చాలా ఘోరంగానే ఉంటుంది. జాగ్రత్తగా, ప్రేమగా, చేపను కొత్త నీళ్ళకి అలవాటు చేయాలని రెండు మూడు గంటలపాటు చేసిన ఆ పనే దాని మొప్పల్ని కాల్చేస్తుంది. అప్పటికి బాగానే ఉన్నట్టు కనిపించి రెండో రోజో మూడో రోజో పోతుంది, యజమాని అమ్మినవాడి మీద అనుమానపడతాడు.

మరి సీడ్‌కి ఇదే పని చేస్తే ఏమీ కావట్లేదు కదా? హేచరీ నుంచి గుంటకి ప్రయాణం కొన్ని గంటలే, నీళ్ళు చల్లబరిచి ప్యాక్ చేస్తారు, పిల్లలు సన్నవి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. రైతు తన గుంట సాలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు, ఎంతో ముందే ఫోన్ చేసి చెబుతాడు, హేచరీ వాళ్ళు ప్యాకింగుకి ముందే సీడ్‌ని ఆ సాలినిటీకి దించి పంపుతారు. అసలు అలవాటు చేయడమంతా కవరులోకి ఎక్కక ముందే అయిపోయింది, గట్టు మీద జరిగేది మిగిలిన కాస్త. రీఫ్ ట్యాంకువాళ్ళు నేర్చుకోవాల్సింది గట్టు మీది పనిని కాదు, ఆ ఫోన్ కాల్‌ని.

చాలా దుకాణాల్లో చేపల ట్యాంకుల్ని 25, 27 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో అన్ని భాగాల ఉప్పు) దగ్గర నడుపుతారు. ఉప్పు ఖర్చు తగ్గుతుంది, పరాన్నజీవులూ కాస్త అదుపులో ఉంటాయి. ఇంట్లో రీఫ్ ట్యాంకు మాత్రం 35 పీపీటీ ఉండాలి. కొనే ముందు రోజే సాలినిటీ ఎంతో అడిగి, కొత్త చేపను కొన్నాళ్ళు విడిగా ఉంచి చూసే క్వారంటైన్ ట్యాంకుని సరిగ్గా అంతకే కలిపి ఉంచుకుంటే, చేప వచ్చాక కవరు విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు తేలేసి ఉష్ణోగ్రత కలిపి, విప్పగానే సాలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటరు చేతికి తీసుకుని ఒక చుక్క చూసి, చేపను గిన్నెతోనో చేత్తోనో ఎత్తి నేరుగా లోపలికి వదిలేయొచ్చు. కవరు నీళ్ళు మాత్రం ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు. ఆ తర్వాత రోజుకి ఒకటి రెండు పీపీటీ చొప్పున 35కి పెంచుకుంటూ పోవచ్చు. చేపలకు సాలినిటీ తగ్గితే తట్టుకోవడం తేలిక, పెరిగితే కష్టం, ఇది గుర్తుంటే చాలు. రెండు మూడు గంటల్లోపు ఇంటికొచ్చిన చేప అయితే ఇంత హడావుడి అక్కర్లేదు, నెమ్మదిగా నీళ్ళు కలిపినా నష్టం లేదు.

వెన్నెముక లేని జీవాలతో లెక్క మారుతుంది. క్లీనర్ రొయ్య, నత్తలు, స్టార్ ఫిష్, ఇవి చేపల మాదిరి ఒంట్లో ఉప్పుని సర్దుకోలేవు, బయటి నీళ్ళలో ఎంత ఉంటే లోపల దాదాపు అంతే. సాలినిటీ ఒక్కసారిగా మారితే క్లీనర్ రొయ్యకి ఏమవుతుందో గుంటలు చూసినవాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు: ఆ రాత్రే వేళ కాని వేళలో మోల్టింగ్ అవుతుంది, పొద్దున రాయి పక్కన గాజులాంటి ఖాళీ డొప్ప, మీసాలతో సహా, పడి ఉంటుంది, పక్కనే మెత్తగా తెల్లబడిన రొయ్య లేవలేక ఒరిగి ఉంటుంది. అందుకని వీటికి గంటన్నర, రెండు గంటలు సన్న ట్యూబుతో ట్యాంకు నీళ్ళు చుక్కలుగా వేయడం (డ్రిప్) అవసరమే. ఎక్కువసేపు ప్రయాణం చేసినవైతే విప్పగానే అమ్మోనియాను కట్టేసే మందు రెండు చుక్కలు వేసి ఆ తర్వాత డ్రిప్ మొదలుపెట్టాలి. స్టార్ ఫిష్‌ని, స్పాంజి అనే సముద్ర జీవాన్ని గాల్లోకి ఎత్తకుండా నీళ్ళలోనే మార్చడం మంచిది. నత్తల్ని వెల్లకిలా వదిలేయకూడదు, కొన్ని వాటంతట అవి తిరగలేవు.

ఇంత చెప్పినా కవరు దగ్గర చేసేది ఒక పూట పని. ట్యాంకే సిద్ధంగా లేకపోతే ఎంత నేర్పుగా వదిలినా ఉపయోగం లేదు.

కొత్త ట్యాంకులో అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ళ మీద, ఇసుక మీద స్థిరపడాలి. దీనికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఎందుకంటే ఈ జాతులు రెట్టింపు కావడానికి అరరోజు నుంచి ఒక రోజు పైనే తీసుకుంటాయి. ఆక్వా మందుల షాపులో దొరికే గుంటల ప్రోబయోటిక్ ప్యాకెట్టు వేస్తే వారంలో అయిపోతుందని ఇక్కడ చాలామంది అనుకుంటారు. ఆ ప్యాకెట్లలో ఎక్కువగా ఉండేవి బాసిల్లస్ రకాలు, అవి వ్యర్థాల్ని, మేత మిగులునీ తిని గంటలోపే రెట్టింపవుతాయి, అమ్మోనియాని నైట్రేట్ దాకా నడిపించే పని వాటిది కాదు. గుంటలో అమ్మోనియాలో పెద్ద వాటాని నీళ్ళని పచ్చగా చేసే నాచు తీసేసుకుంటుంది, నీళ్ళూ ఎకరాల కొద్దీ ఉంటాయి. 200 లీటర్ల గాజు పెట్టెలో ఆ రెండూ లేవు. సముద్రపు ట్యాంకులకని అమ్మే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా సీసా వాడితే కొంత త్వరగా అవుతుంది, కానీ సీసా మీద రాసింది చూసి కాదు, టెస్ట్ కిట్ చూసి నిర్ణయించాలి. చేప లేకుండానే 2 పీపీఎం అమ్మోనియా వేసి, 24 గంటల్లో అది సున్నాకి, నైట్రైట్ కూడా సున్నాకి వస్తే ట్యాంకు చేపల్ని మోయగలదు. నైట్రైట్ విషయంలో ఒక ఊరట ఉంది, సముద్రపు నీటిలో క్లోరైడ్ దండిగా ఉండడం వల్ల మంచినీటి ట్యాంకులో ఉన్నంత ప్రమాదం ఉండదు.

నీళ్ళ దగ్గరికి వస్తే, మైపాడు బీచ్ ఇంత దగ్గర ఉండగా ఉప్పు కొనడం ఎందుకు అన్న ప్రశ్న ప్రతి ఒక్కరికీ వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒడ్డున బిందెతో ముంచిన నీళ్ళలో బురద ఉంటుంది, కాలవల్లోంచి, గుంటల్లోంచి వదిలిన నీళ్ళు ఉంటాయి. నాచు పోవడానికి గుంటల్లో వాడే కాపర్ మందు జాడ కొంచెం ఉన్నా పగడాలు, నత్తలు, రొయ్యలు తట్టుకోలేవు. ఇక పెన్నకి నీళ్ళొచ్చిన రోజుల్లో ఏటి మూతి చుట్టుపక్కల సాలినిటీ పడిపోతుంది. దీనికంటే తెలిసిన హేచరీ ఉంటే ఇసుక ఫిల్టరు దాటిన నీళ్ళు, మందులేవీ కలపకముందు పట్టుకోవడం నయం. తెచ్చాక బ్లీచింగ్ వేసి, రోజంతా ఏరేషన్ పెట్టి, సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్ పోగొట్టి, టెస్ట్ చేసి వాడాలి. ఇదే వరస హేచరీలవాళ్ళు రోజూ చేస్తారు కాబట్టి అడిగితే చెబుతారు.

ఇంకో ఆలోచన, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో నుంచి ఒక బస్తా తెచ్చి కలపడం. ఇది అస్సలు కుదరదు. మడిలో సముద్రపు నీరు ఎండేటప్పుడు కాల్షియంలో చాలా భాగం ముందే జిప్సంగా అడుక్కి దిగిపోతుంది, తర్వాత సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది, మెగ్నీషియం, పొటాషియం చివర మిగిలే చేదు నీళ్ళలో ఉండిపోతాయి. బస్తాలోకి వచ్చేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. రిఫ్రాక్టోమీటరు 35 చూపిస్తుంది, పగడానికి మాత్రం ఎముక కట్టుకోవడానికి ఏమీ ఉండదు. రీఫ్ కోసం తయారుచేసిన ఉప్పు కొని, 200 లీటర్లకి ఏడెనిమిది కిలోల చొప్పున ఆర్ఓ నీళ్ళలో కలపడమే దారి. వీధి చివరి ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్ నీళ్ళు తాగడానికి బాగుంటాయి కానీ రుచి కోసం టీడీఎస్ (కరిగిన లవణాలు) కొంత ఉంచుతారు. మీటరు పెడితే 40, 60 చూపించే నీళ్ళు రోజూ పోస్తూ పోతే ఆ మిగులంతా ట్యాంకులోనే పేరుకుంటుంది. మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ రెసిన్ జతచేసి సున్నాకి తేవాలి.

టెస్టుల విషయంలో మాత్రం ఈ ప్రాంతం వాళ్ళది అదృష్టమే అనాలి. హైదరాబాదులో రీఫ్ పెట్టినవాడు ఖరీదైన కిట్లు తెప్పించుకోవాలి, ఇక్కడ కోవూరు వైపు, అటు టంగుటూరు వైపు ఆక్వా ల్యాబులో ఒక సీసా నీళ్ళిస్తే అల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం), కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా చూసి కాగితం మీద రాసిస్తారు. యూనిట్లు మాత్రం మార్చుకోవాలి. రీఫ్‌వాళ్ళు అల్కలినిటీని డీకేహెచ్‌లో చెబుతారు, ల్యాబు కాల్షియం కార్బొనేట్ పీపీఎంలో రాస్తుంది. ఒక డీకేహెచ్ అంటే 17.9 పీపీఎం, కాబట్టి కావాల్సిన 8, 9 డీకేహెచ్ అంటే ల్యాబు కాగితం మీద 143 నుంచి 161 మధ్య. కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 ఉండాలి. కానీ ల్యాబు కాల్షియం హార్డ్‌నెస్ అని 1050 రాస్తే కంగారు పడక్కర్లేదు, అది కూడా కాల్షియం కార్బొనేట్ లెక్కే, దాన్ని 2.5తో భాగిస్తే 420 వస్తుంది. ఇక రిఫ్రాక్టోమీటరుని గుంటల దగ్గర మంచినీళ్ళతో సున్నా సరిచూసుకుని వాడేస్తారు. రీఫ్‌కి అది చాలదు, 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో సరిచూడాలి, ఎందుకంటే రెండు పీపీటీ తేడా గుంటలో లెక్కలోకి రాదు, ఇక్కడ వస్తుంది.

ట్యాంకు సిద్ధమయ్యాక దేన్ని ముందు దించాలి? సైకిల్, అంటే బ్యాక్టీరియా స్థిరపడే ఆ దశ, అయ్యాక గాజు మీద, ఇసుక మీద గోధుమ రంగు డయాటమ్ నాచు వస్తుంది, అప్పుడు నాలుగైదు నత్తలు. తర్వాత ఒక జత క్లౌన్ ఫిష్, అవీ ట్యాంకులో పుట్టి పెరిగినవి అయితేనే. మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ ఫిష్ పిల్లల్ని పుట్టించే పద్ధతి ఎప్పుడో అభివృద్ధి చేశారు, కాబట్టి సముద్రంలోంచి పట్టినదాని కోసం వెతకాల్సిన పని లేదు. ఒక్కో చేపకీ మధ్య రెండు మూడు వారాల ఎడం ఇస్తే బ్యాక్టీరియా కొత్త బరువుకి సరిపడా పెరుగుతుంది. డ్యామ్సెల్ లాంటి పోట్లాట చేపలు చౌకని ముందే దించితే ట్యాంకంతా తమదే అన్నట్టు తర్వాత వచ్చినవాటిని తరిమి తరిమి చంపుతాయి, వాటిని చివర దించాలి. దించే రోజు లైట్లు ఆపేసి, రెండు రాళ్ళ చోటు మార్చితే పాత చేపల హద్దులు చెదిరి కొత్తదానికి కాస్త సందు దొరుకుతుంది.

పగడాల్లో మష్రూమ్, జోవాంథస్, లెదర్ లాంటి మెత్తవి మొదట, రాతి ఎముక ఉన్నవి అల్కలినిటీ రోజూ ఒకేలా నిలబడుతోందని తేలాక, అక్రోపోరా లాంటి సున్నితమైనవి ఆరునెలలు దాటాక. అనిమోన్ (క్లౌన్ ఫిష్ ఆశ్రయం తీసుకునే మెత్తని సముద్ర జీవి) కూడా అంతే, క్లౌన్ ఫిష్ ఉంది కదా అని మొదటి నెలలో తెచ్చిన అనిమోన్ సాధారణంగా కరిగిపోతుంది, పోతూ పోతూ మొత్తం ట్యాంకుని పాడు చేస్తుంది. పగడానికి నీళ్ళ కంటే వెలుతురు మార్పు పెద్ద దెబ్బ. అందుకని వచ్చిన కొత్తలో అడుగున పెట్టి, లైటు మూడో వంతు నుంచి సగం దాకా ఉంచి, మూడు నాలుగు వారాల్లో పెంచుకుంటూ పైకి జరపాలి. దించే ముందు డిప్ ద్రావణంలో ఊపితే చదును పురుగులు, సన్న నత్తలు రాలతాయి, ఆ తెల్ల గిన్నె అడుగున కదిలేవి చూస్తే ఎందుకు డిప్ చేయాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. గుడ్లు మాత్రం రాలవు, పగడం అతికించి ఉన్న అడుగు ప్లగ్గు (చిన్న దిమ్మ) విరిచి పారేయాలి. జోవాంథస్‌ని గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, రాయి నుంచి గీకవద్దు, వేడినీళ్ళు పోయవద్దు. కొన్నిట్లో పాలిటాక్సిన్ ఉంటుంది, మనుషులు ఆసుపత్రి పాలైన విషం అది.

నెల్లూరు తీరంలో రీఫ్‌లు లేవు, ఉన్నదంతా ఇసుక, బురద. రీఫ్‌లున్న మన్నార్ గల్ఫ్, లక్షద్వీప్, అండమాన్ నుంచి పగడం కానీ, దానితో కూడిన లైవ్ రాక్ (జీవాలు పట్టిన రీఫ్ రాయి) కానీ తీసి తేవడం నేరం: రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, సముద్ర గుర్రాలకూ ఆ చట్టం రక్షణ ఉంది. విదేశీ రాతి పగడం అయితే దిగుమతి కాగితాలు అడిగి తీసుకోవాలి. చౌకగా వస్తోందని కాగితం లేనిది కొనకండి, ఆ చౌక వెనక ఎక్కడో ఒక రీఫ్ విరిగింది. పొడి రాయితో, సిరామిక్ రాయితో మొదలుపెట్టినా బ్యాక్టీరియా అంతే చక్కగా నిలబడుతుంది, కాస్త ఆలస్యం అంతే.

ఎప్పుడు దించాలన్నది కూడా ఇక్కడ ప్రత్యేకమైన ప్రశ్నే. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్ళు 32 డిగ్రీలు దాటుతాయి, పగడాలకు కావాల్సింది 25 నుంచి 27. ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది కానీ తీరంలో గాలి తేమగా ఉన్న రోజు అది కూడా తగ్గదు, పైగా రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరై సాలినిటీ పెరుగుతుంది, మంచి ఆర్ఓ నీళ్ళతో ఎప్పటికప్పుడు భర్తీ చేయాలి, ఉప్పు నీళ్ళతో కాదు. వేడి నీళ్ళలో ఆక్సిజన్ కూడా తక్కువే. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేకుండా వేసవిలో కొత్త జీవాల్ని తేవడం వాటిని హింసించడమే. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి భాగం దాకా వాయుగుండాల కాలం, కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారం ఈ రెండు జిల్లాలకూ గుర్తే. ఆ కాలంలో కొత్తగా దించిన, ఇంకా టెన్షన్‌లో ఉన్న చేప పంపు ఆగిన ట్యాంకులో కొన్ని గంటలే ఓర్చుకుంటుంది. జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. ఏ నెల అయినా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి, ఇన్వర్టర్ మీద తిరిగే చిన్న పంపు ఉంటే ఇంకా మేలు.

క్వారంటైన్ గురించి పైన ఒక్క మాట వచ్చింది, అది దాటవేసే విషయం కాదు. 50 లీటర్ల ఖాళీ ట్యాంకు, నాలుగు పీవీసీ పైపు ముక్కలు, ముందే పెద్ద ట్యాంకులో నానబెట్టి ఉంచిన స్పాంజి ఫిల్టరు, ఇంతే దీని ఖర్చు. చేపను అందులో నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. తెల్ల మచ్చలు తెచ్చే క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి రీఫ్‌లోకి ఒకసారి వచ్చిందంటే కాపర్ వేయలేము, వేస్తే పగడాలు, రొయ్యలు పోతాయి. చేపలన్నిటినీ బయటికి తీసి ట్యాంకుని 76 రోజులు ఖాళీగా నడపడమే మార్గంగా చెబుతారు. వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు అయితే అంత వ్యవధి కూడా ఇవ్వదు, రోజుల్లో ముగిస్తుంది.

ఇక్కడివాళ్ళు మాత్రమే పట్టించుకోవాల్సిన జాగ్రత్త ఇంకోటుంది. రొయ్యల వైట్ స్పాట్ వైరస్ గుంటల్లో పెంచే వనామి, టైగర్‌కే పరిమితం కాదు, రొయ్యలు, పీతల కుటుంబాల్లో చాలా రకాలకు సోకుతుంది, ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. గుంట గట్టు మీద దొరికిన పచ్చి రొయ్యని ముక్కలు చేసి క్లీనర్ రొయ్య ఉన్న ట్యాంకులో మేతగా వేయకూడదు, వేయాలంటే బాగా ఉడికించాలి. గుంటలో వాడిన వల, బకెట్టు, చేయి కడగకుండా ట్యాంకులో పెట్టకూడదు. అటు నుంచి ఇటు ఎంత ప్రమాదమో ఇటు నుంచి అటూ అంతే. ఎక్కడి సముద్రం నుంచో వచ్చిన కవరు నీళ్ళు, క్వారంటైన్ నీళ్ళు కాలవలో పోస్తే అవి బకింగ్‌హాం కాలవకో ఉప్పుటేరుకో చేరతాయి, అక్కడి నుంచే ఎవరో ఒకరు గుంటకి మోటారు పెట్టి తోడుకుంటారు. ఆ నీళ్ళని విడి బకెట్టులో పట్టి, బ్లీచింగ్ పొడి వేసి కలిపి, ఒక రోజు మూతపెట్టి ఉంచాకే బాత్రూం తూములో పోయాలి. చనిపోయిన జీవాన్ని కాలవలో విసరకుండా లోతుగా పూడ్చాలి, పోషించలేకపోయినదాన్ని సముద్రంలో వదలకుండా అమ్మినవాళ్ళకే తిరిగి ఇవ్వాలి.